ఉస్తాద్‌కు మేము చెప్పని మాట

మా ఉస్తాద్ చనిపోయాడు. పోయిన నెల ఒక బుధవారం, ఎనిమిదో తరగతికి పాఠం చెప్పి వచ్చి చేతులకంటిన సుద్ద కడుక్కుంటుంటే ఫోను మోగింది. ఉల్లిగడ్డలమ్మే మనిషి చేశాడు. బండికి మైకు కట్టుకుని వనపర్తి గల్లీలన్నీ తిరుగుతాడు కాబట్టి, ఫోనులో కూడా ఆయన గొంతు పక్క గదికి వినపడేంత పెద్దగా ఉంటుంది. ఆ రోజు మాత్రం నాకే సరిగా వినపడలేదు. “సార్, ఉస్తాద్ పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి గ్లాసు కింద పెట్టిండంట. గంతే” అన్నాడు. “ఏ ఉస్తాద్?” అని అడిగాను. నాకు తెలిసిన ఉస్తాద్ ఒక్కడే. అయినా అడిగాను. ఇంకెవరైనా అయితే బాగుండునని అనిపించింది కాబోలు.

మీలో చాలామందికి ఆయన తెలిసి ఉండడు. పాన్‌గల్ రోడ్డులో రేకుల షెడ్డు కింద మోటారు సైకిళ్లకు కరెంటు పని చేసేవాడు. అదొక్కటే చేసేవాడు. ఇంజను ముట్టడు, పంక్చరు వేయడు. సెల్ఫ్ లేవని బండి, లైటు రాని బండి, హారన్ మూగబోయిన బండి ఆయన దగ్గరికి వచ్చేవి. షెడ్డుకు బోర్డు లేదు. ఆయన్ను పేరు పెట్టి పిలిచిన మనిషిని నేను చూడలేదు. ఇక్కడ కూడా ఉస్తాద్ అనే రాస్తాను.

నేను పాన్‌గల్ అవతలి ఊళ్లో హైస్కూలు టీచర్ని. ఫిజికల్ సైన్స్ చెబుతాను. కాపురం వనపర్తిలో, బడికి రోజూ బండి మీదే. కరెంటు గురించి నాకు తెలియనిది లేదని అప్పట్లో గట్టి నమ్మకం. కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆవిడ అంటుంది, అదీ నిజమే. పన్నెండేళ్ల కింద, ఒక దసరా వెళ్లిన మర్నాడు నా బండి మొరాయించింది. తాళం తిప్పితే లైటు వస్తుంది, హారన్ మోగుతుంది, సెల్ఫ్ బటన్ నొక్కితే మాత్రం లోపల ఎక్కడో ‘టిక్’ అంటుంది. కిక్ కొట్టి లేపుదామంటే ఆ బండికి కిక్ రాడ్ లేదు. బ్యాటరీ పోయిందని నేనే తేల్చి కొత్తది వేశాను. టిక్. సెల్ఫ్ మోటారుకు కరెంటు వదిలే రిలే అనే చిన్న డబ్బా పోయి ఉంటుందని అదీ మార్చాను. మళ్లీ టిక్. ఇక చేసేది లేక బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి, తెలిసినవాళ్లంతా చూస్తుండగా బజారు మీదుగా తెచ్చి ఉస్తాద్ షెడ్డు ముందు దింపించాను.

ఆయన బండి వైపు చూడనే లేదు. స్టూలు జరిపి నన్ను కూర్చోమన్నాడు.

“ఆఖరికి ఎన్నడు మంచిగ లేచింది సార్?”

“పండుగకు ముందటి దినం.”

“అన్నటికి ఇయ్యాలటికి నడుమ ఏం జేసినవ్?”

“ఏం జెయ్యలే. కడిగిన, పూజ జేసిన. అందరు జేసేదే.”

“అందరు జేసేది ఇడిసిపెట్టు. నువ్వు జేసింది చెప్పు.”

అప్పుడు చెప్పాను. ఇంజను నల్లబడిందని వెండి రంగు డబ్బా తెచ్చి పూశాను. పని శుభ్రంగా ఉండాలని బోల్టులు కూడా విప్పి, వాటి కింద పూసి, ఆరాక మళ్లీ బిగించాను. బండి పెళ్లికొడుకు లెక్క ఉందని మా వీధిలో నలుగురూ అన్నారు.

ఉస్తాద్ నవ్వలేదు. లావుపాటి తీగ ముక్క ఒకటి తెచ్చి, ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొసను ఇంజనుకు ఆనించి పట్టుకుని “ఇగ నొక్కు” అన్నాడు. నొక్కాను. ఒక్క దెబ్బకు లేచింది. నేను నోరు తెరిచి చూస్తుండగానే బండి ఆపి, ఇంజనుకు ఎర్త్ తీగ బిగించిన బోల్టు విప్పాడు. దాని కింద నేను మురిపెంగా పూసిన వెండి రంగును విరిగిన రంపం బ్లేడుతో గీకేశాడు.

“కరెంటు పొయ్యే తోవ అందరు సూస్తరు సార్. వాపసొచ్చే తోవ ఎవ్వరు సూడరు. నువ్వు ఆ తోవను రంగేసి మూసినవ్.”

పెయింటు గుండా కరెంటు పారదని నేను ఆ ఏడాదే పిల్లలకు చెప్పి ఉన్నాను. ‘విద్యుత్ బంధకాలు’ అని బోర్డు మీద రాసి కింద గీత కూడా గీశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ ముచ్చట ఉస్తాద్ ఇంకెవరికీ చెప్పినట్టు లేదు. చెప్పి ఉంటే వనపర్తిలో నన్ను ఏడిపించకుండా ఎవరు వదులుతారు?

అప్పటి నుంచి బడి విడిచాక షెడ్డు దగ్గర కాసేపు ఆగడం అలవాటైంది. ఉల్లిగడ్డల మనిషి, ఒక కరెంటు లైన్‌మన్ కూడా ఆ వేళకే చేరేవాళ్లు. ఒకరి బండికి మైకు బరువు, ఇంకొకరి బండికి వాన దెబ్బ, నా బండికి నా తెలివి. ముగ్గురికీ ఉస్తాద్‌తో ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది. లేకపోయినా పోయేవాళ్లం.

ఆయన పని చేస్తుంటే చూడటం నాకిష్టం. ఎప్పుడూ తెల్ల చొక్కానే వేసేవాడు, సాయంత్రానికి అది తెల్లగా ఉండేది కాదు. మీటరు ఉండేది కాదు. రెండు తీగలు అతికించిన ఇండికేటర్ బల్బు ఒకటి, ఆయన మాటలో బుగ్గ, దానితోనే అన్నీ పరీక్ష చేసేవాడు. మీటరు కొనుక్కోరాదా అంటే “మీటరు అంకె చెప్తది సార్, బుగ్గ నిజం చెప్తది” అనేవాడు. మీటరులో పన్నెండు వోల్టులు చూపిన తీగ కూడా బుగ్గ పెడితే వెలగకపోవడం తర్వాత నేనే కళ్లారా చూశాను. లోపల తెగి ఒక్క పోగు మిగిలిన తీగ అంకె చూపిస్తుంది గానీ పని మోయలేదు. ఈ సంగతి మా పాఠ్యపుస్తకంలో లేదు. నేను పిల్లలకు చెబుతున్నాను.

తీగను పట్టుకుంటే ఒక కొస నుంచి ఇంకో కొస దాకా వేళ్ల మధ్య పోనిచ్చేవాడు. బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి, సీటు కింద నుంచి, ట్యాంకు కింద నుంచి, హ్యాండిలు మెడ తిరిగే చోటు దాకా. అక్కడ ఆగి రెండుసార్లు వంచి చూసేవాడు. “మెడ తిరిగే కాడనే తెగుతది” అనేవాడు. నేను ఆత్రంగా ఏదైనా తీగ లాగబోతే “బ్యాడ సార్, బ్యాడ” అని చేతి మీద కొట్టేవాడు. ఆయనది మల్దకల్ అవతలి ఊరు. చుట్టాలు కన్నడ దిక్కువాళ్లు. కంగారులో వద్దు అనే మాట ఆ భాషలో వచ్చేది.

ఇంకో అలవాటు ఉండేది. పని మధ్యలో తల ఎత్తి నన్ను పరీక్ష పెట్టేవాడు. “సైన్స్ సారువు గద, ఈ రెండిట్ల ఏది ఏం రంగో చెప్పు సూద్దాం.” నేను ఎరుపు, ఆకుపచ్చ అని చెబితే “పాస్” అనేవాడు. సారుకే పరీక్ష పెడుతున్నాడని నవ్వుకునేవాణ్ని. బండి యజమానిని సీటు మీద కూర్చోబెట్టి “నూట్రల్ లైటు వచ్చిందా, మంచిగ సూసి చెప్పు” అని చెప్పించుకునేవాడు. బండి ఎవరిదో వాళ్లకే దాని బాగోగులు తెలియాలన్నది ఆయన పద్ధతి అనుకున్నాను. ఊళ్లో చాలామంది అలాగే అనుకున్నారని నా లెక్క.

ఒకరోజు ఖిల్లా ఘణపూర్ నుంచి ఒక రైతు బండి తెచ్చాడు. పల్లికాయ బస్తాలు పెట్టిన గదిలోనే నెల రోజులు బండిని కూడా పెట్టి తాళం వేశాడు. పల్లికాయ కోసం వచ్చిన ఎలుకలు బస్తాలతో పాటు బండి తీగలను కూడా కొరికి పెట్టాయి. ట్యాంకు ఎత్తితే తీగల కట్టంతా తుంపులు తుంపులుగా ఉంది. ఎలుకలు కొరికిన తీగను కొస నుంచి కొస దాకా పట్టుకుపోవడానికి లేదు. రంగు చూసి రంగుకు కలపాల్సిందే. రైతు బువ్వ తినడానికి పోయాడు. నేను స్టూలు మీద కూర్చుని జవాబు పత్రాలు దిద్దుతున్నాను. ఉస్తాద్ చాలాసేపు వంగి తీగలు కలిపాడు. బ్యాటరీ తగిలించగానే సర్రుమని పొగ లేచింది.

ఆయన చటుక్కున బ్యాటరీ తీగ పీకేశాడు. నేను జవాబు పత్రం అంచు మీది నుంచి చూశాను. ఎర్ర తీగను ఆకుపచ్చ తీగకు కలిపి ఉన్నాడు. ఆ బండిలో ఒకటి బ్యాటరీ నుంచి వచ్చేది, ఇంకోటి ఎర్త్. పాతికేళ్ల పనివాడు పొరపాటున కూడా చేయని పని అది. ముందు రోడ్డు వైపు చూశాడు, తర్వాత నా వైపు. నేను గభాలున తల దించుకుని ఎవడికో రెండు మార్కులు ఎక్కువ వేశాను. కాసేపటికి మామూలు గొంతుతో “సార్, జర రారాదు, పరీక్ష ఉన్నది నీకు” అన్నాడు. ఒక్కొక్క తీగే చూపిస్తూ అన్ని రంగులూ నాతో చెప్పించుకున్నాడు. ఆ రోజు నేను చాలాసార్లు పాసయ్యాను.

కొందరికి పుట్టుకతోనే ఎరుపుకు, ఆకుపచ్చకు తేడా కనిపించదని బడిలో అందరం చదువుకున్నదే. అన్నేళ్లుగా కళ్ల ముందే ఉన్నది నాకు అప్పుడు తెలిసింది. ఆ తెల్ల చొక్కాలు, ఆ బుగ్గ, వేళ్ల మధ్య తీగ పోనివ్వడం, మాకు పెట్టే పరీక్షలు, అన్నీ అందుకే. రంగు కనపడని మనిషి రంగును నమ్మకుండా పని నేర్చుకున్నాడు. అందుకే రంగును నమ్మే వాళ్లందరికంటే బాగా నేర్చుకున్నాడు. ఆ సాయంత్రం ఆయన మీద నాకు పుట్టిన గౌరవం ఇంతా అంతా కాదు.

మాట మాత్రం పెదవి దాటనివ్వలేదు. ఎందుకంటే, ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక వాన సాయంత్రం రేకుల మీద చప్పుడుకు పని ఆపి చాయ్ తాగుతూ ఆయనే ఒక సంగతి చెప్పాడు.

“గద్వాలల నేను పని నేర్చేటప్పుడు మాతోని ఒకడుండె సార్. పని మంచిగనే జేస్తుండె. రంగులు తెల్వకుండె వానికి. ఉస్తాద్‌కు తెలిసింది. కరెంటు పనోనికి రంగు తెల్వకపోతే ఎవడన్న బండి ఇస్తడార అని నలుగురి ముంగట ఎల్లగొట్టిండు.”

“వాడేమైండు మరి?”

“ఏమైతడు. ఎవ్వరెరుగని ఊరికి పోయిండు.” గ్లాసులో మిగిలిన చాయ్ బయట వానలోకి పారబోశాడు. “గా ఊర్ల గూడ తెలిస్తే ఇంగెక్కడికి పోతడు సార్?”

ఆ అడిగింది ఎవరి గురించో నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెలియదు. ఈ రహస్యం నాతోనే పోవాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

అనుకున్నంత మాత్రాన నా నోరు నా మాట వింటుందా? ఒకసారి బండికి అదనంగా రెండు లైట్లు బిగించి, వాటికి కరెంటు దొరికిన చోటు నుంచి లాగాను. ఫ్యూజు పోయింది. షెడ్డుకు తీసుకుపోతే ఉస్తాద్ నిజంగానే కోప్పడ్డాడు. “సైన్స్ సారువు, గిదేం పని సార్? ఏ తీగ ఏందో సూసుకోవా?” అన్నాడు. ఉల్లిగడ్డల మనిషి ఉన్నాడు, లైన్‌మన్ ఉన్నాడు, ఇంకా నలుగురు కొత్తవాళ్లు ఉన్నారు. నాకు ఒళ్లు మండింది. “తీగ గురించి నాకు నువ్వు చెప్తవా? నీకు అసలు రంగులే...” అనేశాను.

మిగతా మాట ఎవరికీ వినపడలేదు. సరిగ్గా అప్పుడే ఉల్లిగడ్డల మనిషి బండి మీది మైకు చెవులు పగిలేలా మొదలైంది. “ఉల్లిగడ్డలమ్మో, ఉల్లిగడ్డలు!” దాన్ని ఆపబోయినట్టు ఆయన ఇంకా పెంచాడు. లైన్‌మన్ లేచి ఆపు ఆపు అని అరిచాడు. ఆ గోలలో నేను బయటికి వచ్చేశాను. ఉస్తాద్ మొహం వైపు చూసే ధైర్యం చాలలేదు. రెండు రోజులు ఆ దారిన పోలేదు. మూడో రోజు పోతే ఏమీ జరగనట్టు స్టూలు జరిపి “కూసో సార్” అన్నాడు. విన్నాడో లేదో ఈనాటికీ నాకు తెలియదు. ఆ ఒక్క మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పదకొండో రోజున ఉస్తాద్ ఇంటికి పోయాను. రెండు గదుల ఇల్లు, సన్నటి గల్లీ. బువ్వలు తిని చేతులు కడుక్కుని మేము ముగ్గురం బయట బండ్ల దగ్గర నిలబడ్డాం. ఎవరికీ వెళ్లాలని లేదు. ఉల్లిగడ్డల మనిషి నా పక్కకు జరిగి అన్నాడు.

“సార్, ఒక మాట చెప్త, కోపం జేసుకోకు. ఆ దినం నేను మైకు ఊకెనే పెట్టలే. నీ నోట్లకెల్లి ఏమొస్తదో నాకు సమజైంది.”

“నీకెట్ల తెలుసు?”

“ఎట్లేంది సార్. ఎన్నేండ్ల సంది నాతోని చెప్పించుకుంటుండె. నీ గడ్డలు ఎర్రయా తెల్లయా మామా అని మొదలుబెట్టి, మెల్లగ గీ తీగేం రంగు మామా అంటుండె. నేను చెప్తుంటి. ఎవ్వరికి అనలే. మా ఇంట్ల గూడ అనలే.”

లైన్‌మన్ కళ్లు తుడుచుకుంటున్నాడు. “నాకొక్కనికే ఎరుక అనుకున్న” అన్నాడు. “లైన్‌మన్‌వు గద, రంగులు మర్సిపోలే గద అని నన్ను అడుగుతుండె. నేను గూడ మర్సిపోలే, మర్సిపోలే అనుకుంట చెప్తుంటి.”

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఏడుపులోనే నవ్వు వచ్చింది. ఎవరికి వాళ్లం నేనొక్కణ్నే అనుకుని ఎన్నేళ్లు కాపాడాం! ఊళ్లో ఇంకా ఎంతమంది ఉన్నారో. నూట్రల్ లైటు చూసి చెప్పిన ప్రతి మనిషీ ఒకరోజు కాకపోతే ఒకరోజు కనిపెట్టే ఉంటాడు. ఇంత మంచి మనుషుల మధ్య బతికాడు కదా అని నా మనసు కొంచెం తేలికపడింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో ఉస్తాద్ భార్య నిలబడి ఉంది. మాకు ఇవ్వడానికి తెచ్చిన మంచినీళ్ల చెంబు చేతిలో అలాగే ఉంది. అంతా విన్నట్టుంది.

“మీకందరికి ఎరుకేనా అన్నా?” అంది.

లైన్‌మన్ తల ఊపాడు.

“ఆయనకు తెల్వదు. ఎవ్వరికి తెల్వదనే అనుకుంటుండె. రోజు పొద్దుగాల షెడ్డుకు పొయ్యేటప్పుడు చాయ్ గూడ దిగకుంటుండె. ఇయ్యాల ఎవరన్న పట్టుకుంటరేమో, రేపటి సంది బండ్లు రావేమో అని గదే పరేషాన్. ఎన్నేండ్లు గదే భయం. ఇంకేం భయం లేకుండె మనిషికి.” చెంబు ఉల్లిగడ్డల మనిషి చేతికిచ్చింది. “ఒక్కరన్న చెప్పకపోతిరి అన్నా, మాకెరుకే ఉస్తాద్, ఏం గాదు అని.”

కోపంగా అనలేదు. నిష్ఠూరంగా కూడా అనలేదు. అడిగినట్టు అంది, అంతే. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన పరువు నిలబెడుతున్నానని నేను ఇన్నేళ్లూ లోలోపల గర్వపడ్డాను. ఆయన్ను భయంలో వదిలేసి, నా మంచితనాన్ని నేను చూసుకుంటూ కూర్చున్నానని అప్పుడు తెలిసింది. ఒక్క సాయంత్రం ఆ స్టూలు మీద కూర్చుని, చాయ్ తాగుతూ, నాలుగు మాటల్లో చెప్పగలిగిన సంగతి. పన్నెండేళ్లలో అలాంటి సాయంత్రాలు లెక్కలేనన్ని.

వస్తామమ్మా అని చెప్పి బండ్ల దగ్గరికి వచ్చాం. తాళం తిప్పి బటన్ మీద బొటనవేలు పెట్టాను. నొక్కితే ఒక్క దెబ్బకు లేస్తుంది, ముగ్గురివీ లేస్తాయి, అన్నీ ఆయన చేతి పనే. ఆమె ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది. ముందు లైన్‌మన్ తాళం వెనక్కి తిప్పి, బండి దిగి, స్టాండు తీసి నెట్టడం మొదలుపెట్టాడు. అతని వెనక నేను, నా వెనక ఉల్లిగడ్డల మనిషి. ఆ ఎండలో, మంచిగా నడిచే మూడు బండ్లను చప్పుడు చేయకుండా గల్లీ చివరి దాకా నెట్టుకుంటూ పోయాం.